రుఖయ్యా ఆంటీ పాలిష్ పెట్టిన పైకప్పు

ముస్తాక్ అంకుల్ పప్పన్నంలో పెయింటు పెచ్చు ఒకటి రాలిపడింది. ఆయన దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టి, తలెత్తి పైకప్పు కేసి చూశాడు.

"ఇంకెన్నాళ్లు తినాల ఈ సున్నం," అన్నాడు.

నగర శివారు డాండెనాంగ్‌లో నూరేళ్లు దాటిన చెక్క ఇల్లు వాళ్లది. వెనకవైపు గది నాకు అద్దెకిచ్చారు. నేను యూనివర్సిటీలో సాహిత్యం పీజీ చేస్తున్నాను. నలుగురిలో మాట్లాడటం కన్నా వినడమే నాకు తేలిక కాబట్టి, ఆ ఇంట్లో ఆ తర్వాత ఆరు వారాలూ జరిగినదంతా విన్నాను, చూశాను.

అంకుల్ బస్సు డ్రైవరు. రుఖయ్యా ఆంటీ ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా పొద్దుటి షిఫ్టు చేస్తోంది. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఇద్దరూ నరసరావుపేట నుంచి ఈ దేశానికి వలసొచ్చినవాళ్లు. ఒక్కతే కూతురు, అమ్రీన్. ఇక్కడే పుట్టింది, ఫార్మసిస్టుగా పనిచేస్తోంది. తెలుగు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తుంది.

ముందుగదికీ వంటింటికీ మధ్య గోడను ఎవరో పాత యజమాని తీయించి, అక్కడ అడ్డదూలం వేయించాడు. దాంతో అది పెద్ద హాలయింది. అంతకు ముందటి చలికాలంలో రేకుల కప్పు కారి, లోపలి పైకప్పు తడిసింది. రేకులు బాగుచేయించారు. తడిసిన పెయింటు మాత్రం ఉబ్బి, ఎండి, పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది.

అంకుల్ మర్నాడే డారెన్ అనే ప్లాస్టర్ పనివాణ్ణి పిలిపించాడు. డారెన్ మెడ సాచి చూశాడు. పాతదాన్ని కదిలించకుండా దాని కింద జిప్సం బోర్డు బిగించేస్తే రెండ్రోజుల్లో అయిపోతుందన్నాడు. అంకుల్ స్నేహితులంతా ఊరి చివర కొత్తగా లేచిన క్లైడ్ నార్త్‌లో కొత్త ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల పైకప్పులు కోడిగుడ్డు పెంకులా తెల్లగా, నున్నగా ఉంటాయి. ఆయనకు కావలసిందీ అదే.

డారెన్ వెళ్లాక ఆంటీ కుర్చీ మీదికెక్కి, పెచ్చు ఊడినచోట గోటితో గీకింది. ఇంకాస్త గీకింది.

"ఏమయ్యా, ఇది చెక్క."

"ఇల్లంతా చెక్కేగా. ఇయ్యాల కనిపెట్టావా?"

"అట్టా కాదు. పలకలు. గాడి కొట్టి ఒకదాన్లో ఒకటి దూర్చారు చూడు. ఇంత పనితనం మీద బోర్డు కప్పుతారా ఎవురన్నా?"

"కప్పుతారు. మంగళారం డారెన్ కప్పుతాడు."

"డారెన్ని ఆగమను. పెయింటంతా గీకేసి నేను పాలిష్ పెడతా."

అంకుల్ టీ కప్పు కింద పెట్టాడు. "నరసరావుపేటలో గుమ్మాలు గీకింది చాల్లేదా. ఈడికొచ్చి ఆకాశం గీకుతానంటది."

అది వట్టి వేళాకోళం కాదు. ఆంటీ నిజంగానే గుమ్మాలు గీకుతూ పెరిగింది. వాళ్లు నూర్‌బాషాలు. తాత పరుపులకు దూది ఏకేవాడు. ఆ పనికి రోజులు చెల్లాక ఆమె తండ్రి మస్తాన్ టింబరు డిపోల పక్కన చేరి, తలుపులకూ మంచాలకూ లక్క పాలిష్ పెట్టడం నేర్చుకున్నాడు. ఇంటి ముందున్న రేకుల పంచే ఆయన కార్ఖానా. బడి నుంచి రాగానే ఆడపిల్లలు ముగ్గురూ గరుకు కాగితం పుచ్చుకుని కూర్చునేవాళ్లు. రుద్దడం వాళ్లది. మేకుల బెజ్జాలకు లప్పం పెట్టడం వాళ్లది. పని ఎక్కువైతే మొదటి పూత, రెండో పూత కూడా వాళ్లవే. కానీ ఆఖరి పూత పెట్టే దూదిమూటని మాత్రం ఆడపిల్లలు ముట్టుకోకూడదు. ఆ పూతకు వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆఖరి చెయ్యి'. తలుపు నిగారింపు చూసి ఇది ఫలానావాడి చెయ్యి అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. తండ్రి కళ్లు మసకబారాక ఆ మూట తమ్ముడు నాగూర్‌కి వెళ్లింది. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు, ఆంటీకి పందొమ్మిది.

"వాడు రుద్దిందెప్పుడు గనకా," అంది ఆంటీ నాతో, కుర్చీ మీద నుంచి దిగుతూ. "రుద్దినోళ్లకే చెక్క సంగతి తెలిసిద్ది అమ్మాయ్. ఏడ తాగిద్దో, ఏడ తాగదో. ఆ సంగతి నాకు తెలుసు. పూత వాడు పెట్టేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని."

ముప్పై ఏడేళ్ల తర్వాత కూడా ఆమె ఆ మాటను నిన్న జరిగినదానిలా చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బేరం కుదిరింది. బక్రీద్ జూన్ మొదటి వారంలో పడింది. పండగ మర్నాడు శనివారం, తెలిసినవాళ్లనంతా భోజనానికి పిలవడం ఆ ఇంటి అలవాటు. అప్పటిదాకా ఆంటీకి గడువు.

"వచ్చినోళ్లు తలెత్తి చూసి బాగుందన్నారా, సరే, ఉంచుకుందాం," అన్నాడు అంకుల్. "లేదనుకో, సోమవారం సెలవు గాబట్టి మంగళవారం పొద్దున్నే డారెన్ వచ్చి బోర్డెక్కిస్తాడు. మళ్లా నువ్వు ఈ మాట ఎత్తగూడదు."

"ఎత్తను," అంది ఆంటీ.

ఏప్రిల్ ఇరవై ఐదున, ఇక్కడి సైనికులను తలుచుకునే ఆన్జాక్ డే సెలవు నాడు, పని మొదలైంది. తలకు గుడ్డ కట్టుకుని, గరుకు కాగితం చెక్కముక్కకు చుట్టి, ఆంటీ నిచ్చెనెక్కింది. నాలుగుసార్లు రుద్దిందో లేదో అమ్రీన్ మందుల షాపు నుంచి పరిగెత్తినట్టే వచ్చింది. చేతిలో పెయింటును పరీక్షించే చిన్న పెట్టె. అందులోంచి దూదిపుల్ల లాంటిది తీసి, తడిపి, తల్లి గీకినచోట అద్దింది. పుల్ల చివర ఎర్రబడింది.

"మమ్, స్టాప్. దట్స్ లెడ్. యు కాంట్ సాండ్ దిస్."

"సీసముంటే ఏమయిద్ది? మా చిన్నప్పుడు మేము మూతికి గుడ్డ కూడా కట్టుకోలా."

"యువర్ చైల్డ్‌హుడ్ ఈజ్ నాట్ ఎ సేఫ్టీ స్టాండర్డ్, మమ్."

అంకుల్ ఆ మాటకు చాలాసేపు నవ్వాడు. ఆంటీ నవ్వలేదు. చేతికి తెలిసిన పని అదొక్కటే, అది పనికిరాదని మొదటి గంటలోనే తేలిపోయింది. కుర్చీలో కూర్చుని పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. ముందు సగంలో ముప్పై రెండు పలకలు, దూలానికి అవతల ముప్పై రెండు. ఒక్కొక్కటీ పన్నెండడుగులు.

మర్నాడు అమ్రీన్, ఆంటీ కలిసి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, పెయింటును మెత్తబరిచే గడ్డపెరుగు లాంటి మందు బకెట్లతో తెచ్చారు. డబ్బా మీద సన్నటి అక్షరాలు నేను చదివి, తెలుగులో చెప్పాను. దాన్ని దళసరిగా పట్టించాలి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ పొర అతికించాలి, పెయింటు నానాక తడి మీదే గీకాలి, పొడి లేవనివ్వకూడదు. నేలంతా ప్లాస్టిక్ పరిచి గోడల అంచులకు టేపు వేశారు. మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్. అలా తయారై నిలబడితే ఆంటీని అంకుల్ ఎగాదిగా చూసి, "చంద్రుడి మీదికా," అన్నాడు.

మొదటి పలకకు రెండ్రోజులు పట్టింది. ఇక్కడ మే అంటే చలి మొదలయ్యే కాలం, ఆ చలికి మందు త్వరగా పనిచేయలేదు. గంట ఆగి గీకితే పై పొర మాత్రం ఊడొచ్చి, కింది పొర అంటుకుపోయి ఉండేది. అంకుల్ ఫ్రిజ్ మీది క్యాలెండరు ముందు నిలబడి లెక్కలు కట్టాడు.

"పలక్కి రెండ్రోజులు. అరవై నాలుగు పలకలు. వచ్చే బక్రీద్‌కి కాదు, ఆపై బక్రీద్‌కి అయినా అనుమానమే."

దారి ఆంటీకి లాండ్రీలో దొరికింది. మొండి మరకల దుప్పట్లను అక్కడ ఎవరూ కూర్చుని రుద్దరు, రాత్రికి నానేసి పోతారు. అదే పైకప్పుకి చేసింది. తెల్లవారుజామున షిఫ్టుకి వెళ్లేముందు మూడు పలకలకు మందు పట్టించి, వంటింట్లో మిగిలిన పదార్థాల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొరను గాలి చొరకుండా అతికించి వెళ్లేది. తొమ్మిది గంటల తర్వాత వచ్చి ఆ పొర లాగితే, నాలుగు పొరల పెయింటు ఒకేసారి ముడతలు పడి వేలాడుతూ ఉండేది. తెలుపు, మీగడ రంగు, దాని కింద పిస్తా పచ్చ, ఆ కింద లేత నీలం. అడుగున ముదురు గోధుమ రంగు ఒకటి ఉండేది. అది మాత్రం రెండోసారి మందు పెడితే గాని కదిలేది కాదు.

రోజుకి రెండు పలకల చొప్పున తేలడం మొదలైంది. సాయంత్రం దిగేసరికి ఆంటీ మెడ పక్కకు తిరిగేది కాదు. టీవీలో ఏం వస్తున్నా తల వెనక్కి వాల్చి పైకే చూసేది. అంకుల్ ఏదన్నా అడిగితే పైకప్పుతో మాట్లాడుతున్నట్టు జవాబు చెప్పేది. ఒకరోజు ఆయన స్నేహితుడి దగ్గర నుంచి రెండు ఎత్తు స్టాండ్లు, వాటి మీద పరిచే పొడుగాటి పలక వ్యానులో వేసుకొచ్చాడు. "నిచ్చెన మీంచి పడితే నాకు వంటెవరు చేస్తారు," అన్నాడు. ఆ రోజు వంట చేసింది ఆయనే. అప్పటికి మూడు వారాలుగా ఆయనే చేస్తున్నాడు.

మే నెలాఖరుకు అరవై నాలుగు పలకలూ బట్టబయలయ్యాయి. అమ్రీన్ మళ్లీ దూదిపుల్లలతో వచ్చి పదిహేను చోట్ల అద్ది చూసింది. ఒక్కటీ ఎర్రబడలేదు. పెయింటు పోయిన చెక్క లేత బిస్కెట్ రంగులో, అక్కడక్కడ ఎర్రటి ముడులతో బయటపడింది. నీళ్లు కారినచోట బొగ్గురంగు మరక కొద్దిగా మిగిలింది. ఆంటీ దాన్ని ఇక గీకలేదు. నీళ్లతో తడిపి, సన్న కాగితంతో పలక వెంబడే రుద్దింది. అడ్డంగా రుద్దితే పాలిష్ పడ్డాక ప్రతి గీతా లేచి కనిపిస్తుందట. సుద్దపొడిలో చిటికెడు కావి కలిపి, లక్కతో మెదిపి, వందల మేకుల బెజ్జాలకు బొటనవేలితో లప్పం పెట్టింది.

లక్క రేకులు ఇక్కడే దొరికాయి. వాటిని పెద్ద సీసాలో స్పిరిట్‌లో నానబోస్తే రెండో రోజుకి బెల్లం పానకం రంగు తేరింది. పాలిష్ మూటకి లోపల దూది కావాలి, పైన చుట్టడానికి నూలుపోగు లేవని మెత్తటి పాత గుడ్డ కావాలి.

ఆ సాయంత్రం అంకుల్ బీరువా ముందు నిలబడి అడిగాడు. "నా నీలం గళ్ల లుంగీ ఏదీ?"

"ఏ లుంగీ?"

"పదిహేనేళ్లుగా కడతన్న లుంగీ."

"అందుకే మెత్తగుంది," అంది ఆంటీ, సీసా మూత బిగిస్తూ.

మొదటి పూత, రెండో పూత సాఫీగా సాగాయి. అవి పెట్టడం ఆమె చేతికి తెలుసు. మూడోది మిగిలింది. పండగ శుక్రవారం. ఆంటీ మంగళవారం చేద్దామనుకుని ఊరుకుంది. బుధవారం పొద్దున లాండ్రీకి సెలవు పెట్టి కూడా చేయలేదు. మూట తయారుచేసింది, విప్పింది, మళ్లీ కట్టింది. చివరికి తమ్ముడికి వీడియో కాల్ చేసింది. ఫోనును పైకి తిప్పి పైకప్పంతా చూపించింది.

నాగూర్‌కి ఇప్పుడు యాభై దాటింది. వాళ్ల కార్ఖానా పెద్దదయింది. "అక్కా, ఈ రోజుల్లో మూటతో ఎవరు పెడతన్నారు. మేమంతా స్ప్రే గన్నుతో కొట్టేస్తన్నాం," అన్నాడు. "అదీగాక తలుపైతే కింద పడుకోబెట్టి పెడతాం. పైకి చూస్తా పాలిష్ ఎట్టా పెడతావు? కారి కంట్లో పడిద్ది. ఏడన్నా చెయ్యి ఆగిందా, ఆడ నల్లగా గీత పడిద్ది. రెండు పూతలతో వదిలెయ్. ఆఖరి చెయ్యి కావాలంటే ఎవరన్నా మొగోణ్ణి పిలిపించు."

"ఎవరిని, డారెన్నా?"

"డారెన్ ఎవడు?"

"బోర్డు బిగించేవాడు," అని ఆంటీ ఫోను పెట్టేసింది.

తర్వాత ఆమె స్టాండ్ల మీద పరిచిన పలక మీదికెక్కి, మూట లేకుండా ఉత్త చెయ్యి పైకెత్తి, ఈ గోడ నుంచి దూలం దాకా నడిచింది. వెనక్కి వచ్చి మళ్లీ నడిచింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. ఆరేడుసార్లు నడిచాక అడుగులు లెక్కపెడుతోందని తెలిసింది. పన్నెండడుగుల పలకకు తొమ్మిది చిన్న అంగలు. ఎక్కడా తడబడకుండా, కాళ్లకేసి చూడకుండా, చెయ్యి ఆగకుండా నడవాలి. మూటని లక్కలో ముంచి, పిండి, ఒక అట్టముక్క మీద అద్ది చూసింది. తడి మరక పడింది. ఇంకా పిండింది. మూడోసారి అద్దితే తడి పడలేదు, మెరుపు మాత్రం పడింది. కారడానికి అందులో బొట్టు కూడా లేదు.

బిస్మిల్లా అనుకుని గోడ మూల నుంచి కదిలింది.

ఒక్కటే నడక. మూట చెక్క మీద మోపి, తొమ్మిది అంగలూ వేసి, దూలం దగ్గర గాల్లోకి తీసేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. మూట తడిపి, పిండి, రెండో పలక. మూడోది. పదో పలక దాకా ఊపిరి బిగబట్టి చేసింది. ఆపైన మామూలుగా ఊపిరి తీసుకుంది. మధ్యాహ్నం అంకుల్ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. యూనిఫాం కూడా విప్పకుండా చాలాసేపు నిలబడ్డాడు.

చీకటి పడే వేళకు అరవై నాలుగో పలక అయింది. లైట్లు వేశాక చూస్తే పైకప్పు తేనె రంగులో వెలిగింది. ఎక్కడా ఒక్క గీత లేదు.

శనివారం ఇరవై ఐదు మంది వచ్చారు. వాన కూడా వచ్చింది. బిర్యానీ గుండిగ పెరట్లో గ్యాసు పొయ్యి మీద, పెద్ద గొడుగు కింద దమ్ము మీదుంది. క్లైడ్ నార్త్ నుంచి వచ్చిన నీరజ, వంశీధర్ లోపలికి అడుగుపెట్టగానే తలెత్తారు. వాళ్లిద్దరూ రెండేళ్ల కిందటే కొత్త ఇల్లు కట్టుకున్నారు. అంకుల్ ఎప్పుడూ పొగిడే తెల్లటి పైకప్పులు వాళ్లవే.

"అంకుల్, ఇది ఎవరితో చేయించారు?" అంది నీరజ. "నంబరివ్వండి ప్లీజ్."

"ముందు తినండమ్మా," అన్నాడు అంకుల్. తేల్చి చెప్పలేదు. కానీ ఆయన మొహంలో ఏదో మెత్తబడింది. వంటింటి వైపు నుంచి ఆంటీ అది చూసింది.

వాన పెద్దదయింది. గొడుగు గాలికి ఎగిరిపోయింది. అంకుల్, వంశీధర్ కలిసి గుండిగను గబగబా లోపలికి మోసుకొచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి, హీటరు వేసి ఉంది, అందరి కోట్లూ తడిసి ఉన్నాయి. అంకుల్ మూత చుట్టూ ఉన్న పిండిపట్టీని చాకుతో పగలగొట్టి, మూత ఎత్తాడు. ఇరవై కిలోల బిర్యానీ ఆవిరి ఒక్కసారిగా పైకి లేచింది. అందరూ ఆ వాసనకు ఆహా అన్నారు.

రెండు నిమిషాల తర్వాత నీరజే చూసింది. "అంకుల్, పైన అదేంటి, మబ్బులాగ?"

గుండిగకు సరిగ్గా పైన, ఐదు పలకల మేర, తేనె రంగు మాయమైంది. దాని చోట పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ పరుచుకుంది. చూస్తుండగానే అంచులు పెద్దవవుతున్నాయి.

అంకుల్ మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పందెం గెలిచినవాడి మొహంలా లేదు. ఆంటీ దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడనట్టు, మెల్లగా అన్నాడు.

"పోనీలే రుఖయ్యా. ఇంత చేశావు. మంగళారం డారెన్ ఎట్టాగూ వస్తాడుగా."

ఆంటీ తలెత్తి మచ్చ కేసి చూసింది. తర్వాత నాకు చెప్పింది, అప్పుడు తనకి నరసరావుపేటలో తుఫాను రోజులు గుర్తొచ్చాయని. ముసురు పట్టినప్పుడు కొత్త పాలిష్ తలుపులు ఇలాగే తెల్లబడేవి. పూత ఇంకా గట్టిపడకముందే లోపలికి చెమ్మ చేరితే అంతే. వాళ్ల నాన్న మూటకి లక్క లేకుండా ఉత్త స్పిరిట్ తగిలించి, తలుపు మీద గాలి తగిలినట్టు ఒక్కసారి తుడిచేవాడు. స్పిరిట్ ఎక్కువైతే పూత మొత్తం కరిగి మూటతోపాటు వచ్చేస్తుంది. తక్కువైతే మచ్చ పోదు. ఎంత తగిలించాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ మూటని ఆమె దూరం నుంచి చూసిందంతే.

"మూత పెట్టెయ్యి," అంది ఆంటీ అంకుల్‌తో. "పొయ్యిలన్నీ ఆపండి. హీటరు కట్టెయ్యండి. స్పిరిట్ అంటుకుంటది. అమ్రీన్, కిటికీలన్నీ తెరువు."

"మమ్, ఇట్స్ నైన్ డిగ్రీస్ అవుట్‌సైడ్."

"తెరువు."

చలిగాలి హాల్లోకి దూసుకొచ్చింది. పండగ బట్టల్లో ఉన్నవాళ్లంతా మళ్లీ కోట్లు తొడుక్కున్నారు.

"జనం వణుకుతున్నారే," అన్నాడు అంకుల్.

"వణకనీ. నువ్వొచ్చి ఆ బల్ల జరిపి, మూలనున్న స్టాండ్లు ఈడ పెట్టి పట్టుకో."

గ్లవ్స్ వేసుకుని, జరీ చీర కొంగు నడుముకు దోపి, ఆంటీ స్టాండ్ల మీది పలక ఎక్కింది. కొత్త మూట కట్టి, స్పిరిట్ చల్లి, పిండింది. మణికట్టు మీద అద్దుకుని చూసింది. మళ్లీ పిండింది. ఇంకోసారి అద్దుకుంది. కింద ఇరవై ఐదు మంది తలలెత్తి నిలబడ్డారు. ఆంటీ చెయ్యి పైకెత్తి, గాలిలోంచి దిగుతున్నట్టు పలకను తాకి, ఆగకుండా నాలుగు అంగలు నడిచి, అలాగే గాలిలోకి తీసేసింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత కళ్లద్దాల మీది ఆవిరి తుడిస్తే పోయినట్టు, ఆ పలక మీది తెలుపు ఒక చివర నుంచి మరో చివరకు మాయమైపోయింది. తేనె రంగు తిరిగొచ్చింది. చుట్టూ ఉన్న మచ్చ మధ్య ఆ పలక ఒక్కటే వెలుగుతూ కనిపించింది.

ఎవరో అల్లా పేరు తలుచుకున్నారు. నీరజ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆంటీ కిందికి చూడలేదు. మూట తడుపుకుని రెండో పలక తుడిచింది. మూడోది. నాలుగోది తుడిచేటప్పుడు ఆమె పెదవుల మీద నవ్వు కనబడింది. ఐదోది అయ్యాక మచ్చ ఎక్కడ ఉండేదో నేను వెతికి పట్టుకోలేకపోయాను.

అప్పుడు ముస్తాక్ అంకుల్ స్టాండ్ వదిలి, ఎవరూ ఊహించని పని చేశాడు. కార్పెట్ మీద వెల్లకిలా పడుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, కొత్త కుర్తా నలిగిపోతుందని కూడా చూసుకోకుండా, రెండు చేతులూ తల కింద పెట్టుకుని పైకి చూశాడు.

"ఏంది డాడ్, లేవండి, ఎవ్రీవన్ ఈజ్ వాచింగ్," అంది అమ్రీన్. ఆమె నోట తెలుగు మాట ముందు రావడం నేను విన్నది అప్పుడే.

"ఇట్టా చూడాల," అన్నాడు అంకుల్. "నిలబడి చూస్తే సగమే కనపడిద్ది. వంశీ, రా."

వంశీధర్ పడుకున్నాడు. నీరజ పడుకుంది. ఒకరి తర్వాత ఒకరు, కోట్లతోనే, ఇరుక్కుని, ఒకరి భుజం ఇంకొకరికి తగులుతూ పడుకున్నారు. నేనూ ఒక మూల చోటు చూసుకున్నాను. కింద నుంచి చూస్తే పలకల గీతలు గోడ నుంచి దూలానికి పారుతున్నట్టుంటాయి. ముడుల దగ్గర సుడి తిరిగి మళ్లీ కలుస్తాయి. నీళ్లు కారిన పాత మరక కూడా ఆ ప్రవాహంలో కలిసిపోయింది.

"ఇంతకీ ఎవరు చేశారో చెప్పనే లేదు అంకుల్," అంది నీరజ, పడుకునే.

అంకుల్ జేబులోంచి ఫోను తీసి, పడుకునే నంబరు నొక్కాడు. "డారెన్. ముస్తాక్ హియర్. ట్యూస్‌డే నో నీడ్ టు కమ్, మేట్. సీలింగ్ ఫినిష్డ్." అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. "నో నో, నో అదర్ కంపెనీ. మై వైఫ్ డిడ్ ఇట్."

"స్పీకరు పెట్టు," అంది ఆంటీ పైనుంచి. ఆమె ఇంకా స్టాండ్ల పలక మీదే ఉంది, మూట చేతిలోనే ఉంది.

అంకుల్ ఫోనును ఛాతీ మీద పెట్టుకుని స్పీకరు నొక్కాడు.

"మళ్లా చెప్పు."

"మై వైఫ్," అన్నాడు అంకుల్, బస్సులో చివరి సీటువాళ్లకి స్టాపు పేరు వినిపించే గొంతుతో. "ఆల్ సిక్స్టీ ఫోర్ బోర్డ్స్. స్టార్ట్ టు ఫినిష్. మై వైఫ్ రుఖయ్యా."

డారెన్ ఆ పని చూడటానికైనా మంగళవారం రావొచ్చా అని అడిగాడు. ఆంటీ రమ్మంది.

తర్వాత ఆమె నెమ్మదిగా దిగి, మూటని సీసాలో పెట్టి మూత బిగించి, గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, గరిటె అందుకుంది.

"లేవండి ఇంక, అన్నం చల్లారిపోయింది," అంది నేల మీది జనంతో. "తినండి. కిటికీలు మాత్రం ఎవరూ ముయ్యగూడదు."